శేషాచలపు కాలిబాటలు

తిరుమల కొండకు నడచిపోవు దారులు నేడు రెండు వాడుకలో ఉన్నవి. అలిపిరి నుండి బయలుదేరునది ఒకటి. శ్రీనివాస మంగాపురము చెంత నుండి ఎక్కు శ్రీవారిమెట్టు మరియొకటి. మొదటిది సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. రెండవది 2 కిలోమీటర్లకు కొంచెము పైన, 2,388 మెట్లు. ఈ లెక్కలు తెలుగువారి ఇండ్లలో పిల్లలకు సైతము తెలిసినవే. మ్రొక్కుబడి గలవారు మెట్టుమెట్టునకు పసుపు కుంకుమలు అద్దుచు, గాలిగోపురము కడ ఊపిరి పీల్చుకొని, మోకాళ్ళమెట్టు కడ నడుము వంచి, గోవింద నామస్మరణతో సాగిపోవుదురు. తలపై నీడకు కప్పు, రాత్రివేళ దీపములు, దారిపొడుగున తినుబండారముల అంగళ్ళు కలవు. ఈ సదుపాయముల నడుమ నడచువారిలో పెక్కుమందికి తోచని సంగతి యొకటి కలదు. మెట్ల కిరుప్రక్కల నున్న చెట్లు శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానముతో కలిసిపోయిన అడవిలోనివి. ఆ అడవి యందలి జంతువులకు ఈ దారి దేవుని దారియని తెలియదు.

ఈ సంగతిని దుఃఖకరముగా జ్ఞప్తికి తెచ్చినది 2023వ సంవత్సరము. ఆ యేడు జూను నెలలో అలిపిరి దారిని పెద్దలతో వచ్చిన ఒక చిన్న బాలుని చిరుతపులి కరచుకొని పోయినది. జనులు కేకలు వేసి వెంటబడుటచే విడిచిపెట్టినది. బాలుడు గాయములతో బయటపడెను. ఏడు వారములు గడచినవి. ఆగస్టు 11వ తేది రాత్రి అదే దారిలో, నరసింహస్వామి గుడి దరిదాపుల, తల్లిదండ్రులకంటె కొంచెము ముందుగా నడచుచున్న ఆరేండ్ల బాలిక కనబడకుండ పోయెను. మరునాటి ఉదయము అడవిలో ఆమె మృతదేహము లభించెను. మ్రొక్కు తీర్చుకొనుటకై బిడ్డ చేయి పట్టుకొని బయలుదేరిన తల్లిదండ్రులకు కలిగిన ఆ దుఃఖమునకు ఎవరును సమాధానము చెప్పజాలరు. అయినను, అట్టిది మరల జరుగకుండ ఏమి చేయవలెనను ప్రశ్నకు మాత్రము సమాధానము వెదకక తప్పదు.

తీసికొన్న చర్యలు

ఆ పిమ్మట తిరుమల తిరుపతి దేవస్థానమును, అటవీశాఖయు కలిసి పెక్కు కట్టుబాట్లు చేసినవి. పదునైదేండ్ల లోపు పిల్లలను మధ్యాహ్నము రెండు గంటల తరువాత నడకదారిని పంపరాదనిరి. జనులను గుంపులుగా నడిపింపవలెననిరి. దారి ప్రక్కల కెమెరాలు, బోనులు అమర్చిరి. అంగళ్ళవారు ఎంగిలి పదార్థములను అడవిలోనికి విసరరాదనియు, యాత్రికులు జంతువులకు మేత పెట్టరాదనియు ఆంక్షలు పెట్టిరి. సెప్టెంబరులో నడచువారికి చేతికర్రలు పంచిరి. ఆ నెల ముగియునాటికి పట్టుబడిన చిరుతల సంఖ్య ఆరునకు చేరినది.

వీనిలో లోకమున ఎక్కువ హాస్యాస్పదమైనది చేతికర్ర. పులిని కర్రతో కొట్టుదురా యని పత్రికలయందును, వీధి అరుగులమీదను పరిహాసములు వినబడెను. నిజము చూడగా కర్ర అంత నిరర్థకమైనది కాదు. మన పల్లెలలో అడవికి గొర్రెలను తోలుకొనిపోవు కాపరి చేతికర్ర లేకుండ అడుగు వేయడు. నిటారుగా నిలిచి, కర్ర నేలకు తాటించుచు, మాటాడుచు నడచు పెద్దమనిషి జోలికి చిరుత సాధారణముగా రాదు. కాని 2023లో దాడికి గురియైనవారు పెద్దలు కారు. చిన్నపిల్ల యొక్క ఎత్తు చిరుత నిత్యము వేటాడు జంతువుల ఎత్తునకు సమీపమైనది. పరుగెత్తు పిల్ల మరియు దాని దృష్టి నాకర్షించును. కావున పంచిన కర్రకంటె, బిడ్డను నడుమ ఉంచుకొని నడువుడని చెప్పిన మాటకును, ప్రొద్దు వాలిన పిమ్మట పిల్లలను నిలుపుదల చేసిన నిబంధనకును విలువ హెచ్చు. చూచుటకు ఆర్భాటము లేని చర్యలే అధికముగా ప్రాణములను కాపాడునవి.

బోనుల సంగతి వేరు. పట్టిన చిరుతలను తిరుపతి జంతుప్రదర్శనశాలకు చేర్చి, దాడి చేసిన దేదియో తెలిసికొనుటకు పరీక్షలు జరిపిరి. మనిషిని చంపిన జంతువును తొలగించుట అవసరమే. కాని తొలగింపే పరిష్కారమని నమ్ముటలో ప్రమాదమున్నది. ప్రతి చిరుతకును తనదైన హద్దు ఉండును. ఒకదానిని పట్టుకొనిపోయినచో ఆ చోటు ఖాళీగా ఉండదు. వయసు వచ్చిన మరియొకటి వచ్చి చేరును. పట్టినదానిని దూరపు అడవిలో విడిచినను చిక్కు తీరదు. మహారాష్ట్రమున జున్నరు ప్రాంతములో 2001వ సంవత్సరము మొదలుకొని అట్లు చేసిచూచిరి. చెరకు తోటలలో పట్టిన చిరుతలను అడవులలో విడిచిరి. అంతకు ముందు ఏటికి సగటున నాలుగు దాడులు జరుగుచుండగా, పిమ్మట ఆ సగటు పదునేడునకు పెరిగినదని 2011లో విద్యా ఆత్రేయ మొదలగు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన తెలుపుచున్నది. తెలియని చోట, తెలియని మనుష్యుల నడుమ విడువబడిన జంతువు మరింత కలవరపడి మరింత ప్రమాదకరమగుట దీనికి కారణముగా వారు ఊహించిరి.

బొంబాయి నగరమును ఆనుకొని సుమారు 104 చదరపు కిలోమీటర్ల సంజయ్ గాంధీ జాతీయోద్యానము కలదు. 2004లో అక్కడ చిరుతల వాతబడి అనేకులు మరణించిరి. తరువాతి కాలమున అటవీశాఖవారును, నగరవాసులును, శాస్త్రజ్ఞులును కలిసి చేసిన పనిలో బోనుకంటె చీపురునకు ఎక్కువ పాత్ర ఉన్నది. చెత్తకుప్ప ఉన్నచోట కుక్కలుండును; కుక్కలున్నచోటికి చిరుత వచ్చును. ఈ గొలుసును ఆ నగరము ఆలస్యముగానైనను గుర్తించినది.

దారియే ఎర యగుట

తిరుమల దారియందును ఇదే గొలుసు కలదు. యాత్రికుడు తాను తినగా మిగిలిన పులిహోరను, అరటిపండు తొక్కను దారి ప్రక్కకు విసరును. దుప్పులు కనబడినచో ముచ్చటపడి కూరగాయ ముక్కలు అందించును. అది జీవకారుణ్యమనియే అతని తలంపు. ఆ మేతకు అలవాటుపడిన దుప్పి దారిని విడువదు. ఎంగిలికి మరిగిన కుక్కలును, పందులును అక్కడనే తిరుగును. వానికొరకు చిరుత చీకటిచాటున పొంచియుండును. ఆ చీకటి అంచునే చిన్నపిల్లలు నడచుచుందురు. ఈ వరుసలో చిరుత చివరిది. మొదటిది యాత్రికుని చేయి. అడవిమృగము ఊరిమీద పడినదని చెప్పుట సులభము గాని, ఇక్కడ ఊరే తన తిండి నంతయు మోసికొనిపోయి అడవి నడిబొడ్డున పరచినదని చెప్పుట న్యాయము.

పూర్వము ఈ దారి ఇట్లుండలేదు. పదునైదవ శతాబ్దిలో తాళ్ళపాక అన్నమయ్య బాల్యమున చెప్పులతో కొండ నెక్కబోయి, మోకాళ్ళ పర్వతము కడ సొమ్మసిల్లి, వెదురు పొద చెంత నిద్రించెననియు, అలమేలుమంగ కలలో కనబడి ప్రసాదము పెట్టెననియు కథ కలదు. ఆ కథలోని దారి రాతిబండల దారి. వెదురు పొదల దారి. 1944లో మొదటి ఘాటురోడ్డు ఏర్పడువరకు కొండకు పోవువారందరు నడచియో, డోలీలమీదనో పోయినవారే. దీపములు లేని ఆ కాలమున జనులు గుంపులు కట్టుకొని, వెలుగుండగనే గమ్యము చేరజూచెడివారు. నేడు విద్యుద్దీపములు వచ్చి రాత్రిని పగటివలె తోపించుచున్నవి. ఎండవేడిమికి వెరచి సాయంకాలమున బయలుదేరుట అనేకులకు పరిపాటి యైనది. కాని దీపము దారినే వెలిగించును. దారికి పది గజముల అవతల నున్న అడవిలో రాత్రి రాత్రిగానే ఉన్నది. సందెవేళయు, వేకువజామును చిరుత వేటకు బయలుదేరు వేళలు. సౌకర్యము పెరిగినకొలది జాగ్రత్త తగ్గుట ఈ దారి చరిత్రలో కనబడు విచిత్రము.

ఇది ఏ అడవి?

శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానము 1989లో ఏర్పడినది. దాని విస్తీర్ణము సుమారు 353 చదరపు కిలోమీటర్లు. దానిని ఇముడ్చుకొనుచు 2010లో ప్రకటింపబడిన శేషాచల జీవావరణ మండలము 4,755 చదరపు కిలోమీటర్లకు విస్తరించినది. ఆంధ్రప్రదేశమున ఇట్టి మండలములలో ఇదియే మొదటిది. ఎర్రచందనము సహజముగా పెరుగు చోటు లోకమున తూర్పుకనుమల ఈ దక్షిణభాగమును, దాని పరిసరములును మాత్రమే. పేరీత, తెల్లకరక వంటి చెట్లకును ఈ కొండలే పుట్టిల్లు. చిరుతలు, ఎలుగుబంట్లు, కొండగొర్రెలు, రేచుకుక్కలు ఇందున్నవి. పెద్ద కన్నులతో రాత్రివేళ కొమ్మలపై మెల్లగా ప్రాకు దేవాంగపిల్లియు, రాతి చీలికలలో దాగు బంగారు బల్లియు ఇక్కడివే.

ఈ కొండల రాయి సయితము సామాన్యమైనది కాదు. అడుగున గ్రానైటు, దానిపై కడప శిలాసంతతికి చెందిన క్వార్ట్‌జైటు పొరలు. రెంటి నడుమ కోట్లాది యేండ్ల కాలము లోపించినదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఘాటురోడ్డు ప్రక్కన ఆ రేఖను కంటితో చూడవచ్చును. క్వార్ట్‌జైటు చీలికలలో ఇంకిన వాననీరు లోయలలో ఊటలై వెలువడును. వానినే పెద్దలు తీర్థములనిరి. వేసవిలో మనుష్యుడు స్నానమునకు పోవు మడుగే మృగమునకును దాహము తీర్చు మడుగు.

ఈ తీర్థముల దారులను గురించి పూర్వులు ఏర్పరచిన పద్ధతి ఆలోచింపదగినది. రామకృష్ణ తీర్థమునకు పుష్య పౌర్ణమి, కుమారధారకు మాఘ పౌర్ణమి, తుంబురు తీర్థమునకు ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటి దినములు. ఆ దినమున వేలకొలది జనులు గుంపుగా పోయి, స్నానము చేసి, తిరిగి వచ్చెదరు. పిమ్మట ఆ దారి మరల ఏటి వరకు అడవిదే. నల్లమలలోని సలేశ్వరమునకు చైత్ర పౌర్ణమినాళ్ళలో కొలది దినములే యాత్ర జరుగుటయు ఇట్టిదే. ఈ నియమమును విధించినవారు అడవిని కాపాడవలెనను ఉద్దేశముతోనే విధించిరని చెప్పుటకు ఆధారము చాలదు. ఫలితము మాత్రము అదియే. ఏడాదిలో ఒక దినపు రద్దీని అడవి ఓర్చుకొనగలదు. మిగిలిన దినములలో గడ్డి మరల మొలచును, జింక మరల నీటికి వచ్చును. మనుష్యుని రాకకు కాలనియమము ఉండవలెనను ఈ సూత్రమునే నేటి అటవీశాస్త్రము వేరు మాటలలో చెప్పుచున్నది.

విహారయాత్రికులు, దొంగదారులు

ఇటీవలి కాలమున భక్తులకు తోడు మరియొక తరగతివారు ఈ కొండలకు వచ్చుచున్నారు. వారు వీపున సంచి, చేత ఫోనుతో, సెలవుదినములలో జలపాతములను వెదకుకొనుచు వచ్చు యువకులు. సుమారు 270 అడుగుల ఎత్తునుండి నీరు దూకు తలకోన వారిలో పలువురిని ఆకర్షించినది. కొండలు ఎక్కవలెనను ఉత్సాహము మెచ్చదగినదే. కాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జాతీయోద్యానములోనికి అనుమతి లేకుండ ప్రవేశింపరాదు. ఈ నియమమును కొందరు అధికారుల వేధింపుగా భావింతురు. తమిళనాట తేని జిల్లాలోని కురంగణి కొండలలో 2018 మార్చి 11వ తేదీన జరిగినదానిని వారు తలంచుకొనవలెను. ఎండిన గడ్డికి నిప్పు అంటుకొని, దారి తెలియక చిక్కుకొన్న విహారయాత్రికులలో ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ యేడే తమిళనాడు ప్రభుత్వము కొండనడకలకు నిబంధనలు చేసినది. 2024లో నలుబది దారులను ఎంచి, ముందుగా పేరు నమోదు చేసికొన్నవారిని మార్గదర్శకుల వెంట పంపు ఏర్పాటు కావించినది. కోస్టారికా దేశమున కోర్కొవాడో జాతీయోద్యానములో 2014 నుండి అర్హత గల మార్గదర్శకుడు లేనిదే ఎవరిని లోనికి పోనీయరు. నిషేధమునకును, విచ్చలవిడితనమునకును నడుమ మార్గమున్నదని ఈ ఉదాహరణములు తెలుపుచున్నవి.

నిషేధ మొక్కటియే అడవిని కాపాడజాలదనుటకు శేషాచలమే సాక్ష్యము. అనుమతి గలవారు నడువని లోయలలో ఎర్రచందనపు దొంగల బాటలు పడినవి. 2013 డిసెంబరులో ఇద్దరు అటవీ అధికారులను దుండగులు చంపిరి. 2015 ఏప్రిల్ 7వ తేదీన పోలీసు కాల్పులలో 20 మంది మరణించిరి. కూలికి వచ్చిన తమిళనాటి నిరుపేదలను చంపిరని అప్పుడు దేశమంతట ఆందోళన చెలరేగెను. గొడ్డలి పట్టినవాడు పేదవాడు; దుంగ అమ్ముకొన్నవాడు అడవిలోనికే రాడు. ఈ అడవిదారులు తెలిసిన యానాదులకును, సరిహద్దు పల్లెల యువకులకును మార్గదర్శకులుగా న్యాయమైన జీతము దొరికినచో, దొంగలు చూపు కూలికి లొంగువారి సంఖ్య తగ్గును. అడవికి రెండు కన్నులు అదనముగా దొరకును. ఇది దానధర్మము కాదు. దారి తెలిసినవాని తెలివికి వెల కట్టుట.

ఏనుగుల సంగతియు మరువరాదు. 1980వ దశకమున దక్షిణపు అడవులనుండి చిత్తూరు జిల్లాకు వచ్చిన ఏనుగులలో కొన్ని క్రమముగా శేషాచలమునకును వ్యాపించినవి. 2025 ఫిబ్రవరిలో, మహాశివరాత్రి ముందు, తలకోన సిద్ధేశ్వరుని దర్శించుటకై చీకటివేళ అడవిదారిని నడచిపోవుచున్న భక్తులపై గుండాలకోన కడ ఏనుగులు పడగా కొందరు ప్రాణములు కోల్పోయిరి. అక్కడ కప్పు లేదు, దీపము లేదు, కెమెరా లేదు. అలిపిరి దారికి వచ్చిన శ్రద్ధలో కొంతయైనను ఈ పల్లెవారి దారులకు రాలేదు. పెద్ద గుడి దారిలో పోయిన ప్రాణమును, చిన్న గుడి దారిలో పోయిన ప్రాణమును ఒక్క తూకమున తూచుట పాలకుల ధర్మము.

కంచెయు, మూడవ దారియు

2023 దుర్ఘటన పిమ్మట నడకదారి పొడవునను కంచె వేయవలెనను కోరిక బలముగా వినవచ్చినది. బిడ్డను పోగొట్టుకొన్న కాలమున ఆ కోరిక సహజమే. కాని అలిపిరి దారి అడవి అంచున పోవునది కాదు. దానిని చీల్చుకొని పోవునది. ఈ వైపు నీరున్నచో ఆ వైపు మేత ఉండును. నిడుపాటి కంచె జంతువుల రాకపోకలను ఆపి, కంచె తెగిన చోటికే వానినన్నిటిని పోగుచేయును. అప్పుడు ఆ సందే అన్నిటికంటె ప్రమాదకరమైన తావగును. ప్రమాదము హెచ్చుగా నున్న చోట్ల మాత్రము అడ్డుకట్టలు, జంతువులు దాటుటకు విడిచిన మార్గములు, దారికిరుప్రక్కల పొదలను కొంత మేర నరికి చూపునకు తెరపి కల్పించుట, అంగళ్ళను తగ్గించి చెత్తను ఏ పూటకాపూట కొండ దింపుట — ఇవి ఖర్చునకు తక్కువ, ఫలమునకు ఎక్కువ.

ఇంకొక ఆలోచన మూడవ దారి. కడప వైపునుండి మామండూరు మీదుగా కొండ కెక్కు పాత దారికి అన్నమయ్య మార్గమని పేరు. దానిని యాత్రికులకు తెరువవలెనని చిరకాలముగా కోరుచున్నారు. 2021 నవంబరు వానలకు శ్రీవారిమెట్టు దారి కొట్టుకొనిపోయి, 2022 మే వరకు మూతబడెను. ఆ డిసెంబరులో ఘాటురోడ్డుపై బండలు విరిగిపడెను. అప్పటినుండి ఈ కోరిక మరింత బలపడినది. ఉన్న దారులు దెబ్బతినినపుడు వేరు దారి కావలెననుట సబబే. అయితే ఆ వానలు నేర్పిన పాఠము మరియొకటి కూడ కలదు. నిలువు కొండను తొలచి, చెట్లను కొట్టి వేసిన దారి కడకు నీటికి దారి యగును. అన్నమయ్య మార్గమును తెరువవలసినచో తీర్థయాత్రల పద్ధతిని తెరచుట మేలు: కొన్ని దినములు, కొంతమంది, వెలుగుండగా, తెలిసినవారి వెంట. దానిని వెడల్పుచేసి, సిమెంటు పోసి, దీపములు పెట్టి, అంగళ్ళు తెరచినచో అలిపిరి చిక్కులే అక్కడను పుట్టును. అదియు అడవి మరింత లోపల.

భక్తికిని అడవికిని పోరాటమని కొందరు ఈ వివాదమును వర్ణించుచున్నారు. అది పొరపాటు. ఆదిశేషుని పడగలని పేరు పొందిన ఏడుకొండలపై చెట్టును, రాతిని, నీటిని పవిత్రములనియే పూర్వులు తలచిరి. కొండ ఎక్కువాడు చెప్పులు విడుచుట ఆ వినయమునకు గుర్తు. ఇప్పుడు కావలసినది ఆ వినయమునకు మరి రెండు మూడు నియమములు చేర్చుట: ప్రొద్దు వాలకముందే పైకి చేరుట, తిన్న ఆకును సంచిలోనే వేసికొనుట, బిడ్డను ముందు పరుగెత్తనీయకుండుట. అలిపిరి పాదాల మండపము కడ మధ్యాహ్నమున పిల్లలతో వచ్చిన కుటుంబమును కాపలావాడు ఆపి, బస్సులో వెళ్ళుడని చెప్పినచో, ఆ తండ్రికి మ్రొక్కు తప్పినదని మనసు నొచ్చుకొనవచ్చును. 2023 ఆగస్టు 11వ తేది రాత్రిని తలచుకొన్నచో అతడు ఆ కాపలావానికి నమస్కరించి బస్సెక్కును.